తోక ఉన్న E

క్యాంప్ 2, భిలాయి
4 ఆగస్టు 2025

చిన్నతాతయ్యకు ఎవాంజెలిన్ వందనాలు.

ఇప్పుడే ఎందుకు రాయాల్సి వచ్చిందో ముందు చెబుతాను. అక్టోబరు ముప్పైన నేనొక కాగితం మీద సంతకం పెట్టాలి. నలభై ఒక్క నక్షాలను నేను స్వయంగా పరిశీలించాననీ, అవన్నీ ఎమీల్ డెర్వాల్ అనే దొర తన చేత్తో గీసినవేననీ ఆ కాగితంలో ఉంటుంది. ఆ సంతకం పెట్టే ముందు మీ నీలం ట్రంకులో ఏముందో నాకు తెలియాలి. ఫోన్ చేస్తే మీకు వినపడదు. డైసీ అత్త చేత అడిగిస్తే సగమే చేరుతుంది. “రోలింగ్ మిల్లుకు చెవులు ఇచ్చీసేను, నాతో మాటంటే ఇంక కాగితం మీదే” అని గాజువాకలో కూతురింటికి వెళ్లేటప్పుడు మీరే అన్నారు. అందుకని రాస్తున్నాను.

నా ఉద్యోగం సంగతి నాన్న మీకు చెప్పాడో లేదో. ఎం.ఏ. అయ్యాక ఫిబ్రవరిలో చేరాను. కోహ్కాలో ఒక అద్దె ఇల్లు, అందులో పద్దెనిమిది చెక్కపెట్టెలు. రత్నపాలి సంస్థానం కాగితాలవి. అక్కడి మహల్లో కప్పు కారుతోందని ఇక్కడికి తెచ్చారు. ఒక్కో కాగితం తీసి, దుమ్ము దులిపి, కొలిచి, ఏముందో పట్టికలో రాయడం నా పని.

డెర్వాల్ బెల్జియం దేశపు వాస్తుశిల్పి. 1919లో, ముప్పై ఒకటో ఏట, రత్నపాలి దర్బారు కొలువులో చేరాడు. యుద్ధంలో కూలిపోయిన ఊళ్లు వాళ్ల దేశంలోనే ఎన్నో ఉండగా ఇంత దూరం ఎందుకు వచ్చాడో ఎక్కడా రాసి లేదు. ఇక్కడ ఇరవై ఏళ్లు ఉండి కచేరీ, బాలికల బడి, నీళ్ల బురుజు, కొత్త మహలు కట్టాడు. ఆ బురుజు చుట్టూ తిరుగుతూ పైకెళ్లే మెట్ల నక్షా చూస్తే కాగితం మీదే కాలు పెట్టాలనిపిస్తుంది. 1939లో ఆయన తిరిగి వెళ్లిపోయాడు. తర్వాత ఇరవై నాలుగేళ్లు బతికాడు గానీ ఒక్క భవనం కూడా కట్టలేదు. ఎందుకని అడిగితే ఆయన మనవరాలు మదాం లీన్ “అలసిపోయారు” అంది. ఆయన మీద పుస్తకం వేయిస్తున్నదీ, దానికోసం నన్ను సంతకం అడుగుతున్నదీ ఆవిడే.

మేలైన నక్షాలు నలభై ఒకటి. వాటి కుడివైపు కింది మూల చిన్న గుర్తు ఉంటుంది. ఇంగ్లీషు E లాగా ఉండి, కింద పక్కకు సాగిన తోక. ఎమీల్ పేరులో మొదటి అక్షరం అదేనని మదాం లీన్ నేను చేరిన మొదటి రోజే చెప్పింది. నా పేరు మొదలయ్యేదీ దానితోనే కాబట్టి నాకూ అలాగే కనిపించింది. పుస్తకం అట్ట మీద ఆ గుర్తే వేస్తున్నారు.

పోయిన వారం దర్బారు హుకుంల పుస్తకంలో హిందీలో ఒక వరుస దొరికింది. “11 మార్చి 1938. నక్షాల దొంగతనం రుజువైనందున ఆరో నంబరు పనివాణ్ని కొలువు నుంచి తీసివేయడమైనది.” పేరు లేదు. అది పట్టికలోకి ఎక్కించిన రోజే మా ఆఫీసు చూసే గురునాథరావు గారు నా బల్ల దగ్గరికి వచ్చారు. మన విజయనగరం వైపు మనిషే, స్టీలు ప్లాంటులో నక్షాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరయ్యారు.

“ఏటమ్మా ఎవాంజెలినూ, మీ ముత్తాత కూడా రత్నపాలీలోనే పన్జేసేడంట గదా?”

“ఎవరు చెప్పేరండీ?”

“క్యాంప్ టూలో దాగే మాటేటుంది. మీవోళ్లింట్లో నీలం పెట్టొకటుండేదని కూడా విన్నాను.”

నవ్వుతూ వెళ్లిపోయారు. నాకు నవ్వు రాలేదు. ఎనిమిదేళ్లప్పుడు ఆ ట్రంకు మూత ఎత్తబోతే మీరు నా చేతి మీద కొట్టారు. మీరు నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. అందుకే ఇన్నేళ్లయినా మరచిపోలేదు.

ముత్తాత ఆ దొర దగ్గర పనిచేశాడా? మన ఇంట్లో పదో తరగతి దాటిందాన్ని నేనొక్కదాన్నే. పుస్తకం చివర పట్టిక తయారుచేసినవారు అని నా పేరు అచ్చువేస్తారట. మన ఇంటిపేరు అచ్చులో పడటం ఇదే మొదటిసారి. అది అబద్ధం కింద పడకూడదు.

మీ
ఎవాంజెలిన్


గాజువాక
౧౯-౮-౨౦౨౫

ఎవా తల్లికి తాత దీవెనలు.

నీ ఉత్తరం చేరింది. చేతిరాత ముత్యాల్లా ఉంది. డైసీకి చూపించి, “ఇదిగో, మన పిల్ల” అన్నాను. రాసిన సంగతి చూపించలేదు.

ట్రంకులో ఏమీ లేదు. మీ చిన్ననాన్నమ్మ చీరలు నాలుగు, నా పీఎఫ్ కాగితాలు. తుప్పు పట్టిందని పోయిన వేసవిలో పాతసామాన్ల వాడికి ఇచ్చేశాం. దాని గురించి ఇంక అడగనక్కరలేదు.

మా నాన్న రత్నపాలిలో సున్నం కలిపేవాడు. అంతే. దొరల గదుల్లోకి వెళ్లే మనిషి కాదు. చదువు రాదు, పేరు రాయడం రాదు, ఎక్కడైనా వేలిముద్రే. భిలాయిలో ప్లాంటు కట్టేటప్పుడు మమ్మల్ని తీసుకొచ్చి క్యాంపులో గుడిసె వేశాడు. 1961లో పోయాడు. ఆయన గురించి పుస్తకంలో రాసేంత ఏముంది?

ఆ గురునాథరావు పొట్టిగా ఉంటాడా? జేబులో రెండు పెన్నులు పెట్టుకుంటాడా? అయితే నాకు తెలుసు. ఏదీ సూటిగా అడగడు. చుట్టూ తిరిగి చుట్టూ తిరిగి మన నోటితోనే చెప్పిస్తాడు. వాడి దగ్గర జాగ్రత్త.

నేను ప్లాంటులో ముప్పై నాలుగేళ్లు చేశాను. గేటు పాసు లేకుండా ఒక నట్టు బయటికి తేలేదు. ఒకసారి చేతులు తుడుచుకునే దూదిపీచు జేబులో ఉండిపోతే, పవర్ హౌస్ బజారు దాకా వచ్చినవాణ్ని సైకిలు తిప్పి వెనక్కి వెళ్లి పెట్టి వచ్చాను. గేటు దగ్గర సిపాయి నవ్వాడు. నవ్వితే నవ్వాడు. మన ఇంట్లో దొంగలు లేరు.

పెద్దవాళ్ల పుస్తకం అది. వాళ్లు చూపించిన చోట సంతకం పెట్టు, నీ పేరు అచ్చులో చూసుకుని సంతోషపడదాం.

డేవిడ్‌రాజ్


క్యాంప్ 2, భిలాయి
28 ఆగస్టు 2025

చిన్నతాతయ్యా,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పైన తేదీ పాత బైబిల్లో ఉండే అంకెలతో వేశారు. నాకు అవి రావు కాబట్టి కవరు మీద పోస్టాఫీసు ముద్ర చూసి తెలుసుకున్నాను. ఇది నవ్వుకోవడానికి రాశాను. తర్వాత రాసేది నవ్వుకోవడానికి కాదు.

ట్రంకులో చీరలు ఉన్నాయన్నారు. రెండో వాక్యంలో దాన్ని అమ్మేశామన్నారు. నిన్న డైసీ అత్త ఫోన్లో వేరే మాటల మధ్యలో, “మీ తాత ఈమధ్య ట్రంకు గోడవైపు లాగీసి కొత్త తాళం ఏసేడే. తాళంచెవి మొలతాడుకి కట్టుకుంటన్నాడు” అంది. ఇంకొకటి. ముత్తాత అక్కడ పనిచేశాడా అని మాత్రమే నేనడిగాను. హుకుంలో ఉన్న ఆరో నంబరు ఎవరని అడగలేదు. మన ఇంట్లో దొంగలు లేరని మీరెందుకు రాశారు?

మిమ్మల్ని ఇలా నిలదీయాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. కానీ ఇక్కడ నా చుట్టూ అందరూ ఏదో తెలిసినట్టే మాట్లాడుతున్నారు. మదాం లీన్ ప్రతి సోమవారం రాసే ఉత్తరంలో చివరి ప్రశ్న ఒకటే. స్థానిక కుటుంబాల దగ్గర ఇంకా కాగితాలేమైనా ఉన్నాయా? ఈసారి ఇంకో మాట కలిపింది. ఆ గుర్తు ఉన్న కాగితం ఎవరి ఇంట్లో దొరికినా అది తన తాతగారిదే, అడిగి తీసుకోవడం తన హక్కు అట. నేను మన ఇంటి గురించి ఆవిడకు చెప్పలేదు. ఎవరు చెప్పారు?

గురునాథరావు గారిని ఈసారి నేనే అడిగాను.

“మా ఇంటి సంగతి మదాంకి మీరు రాశారాండీ?”

“నాకేటి పని? నేను చాయ్ తాగి పెట్టెలు లెక్కెట్టే మనిషిని.” మళ్లీ ఆయనే అన్నారు. “వచ్చే నెల వైజాగ్ ఎల్తన్నాను. మీ తాత అడ్రసియ్యి. పాత దోస్తుని ఓపాలి పలకరించీసొస్తాను.”

“ఆయనకి వినపడదండీ.”

“మాటాడక్కర్లేదులే. చూడ్డానికి నాకు కళ్లున్నాయి గదా.”

అడ్రసు ఇవ్వలేదు. కానీ గాజువాక అని ఆయనకు ఎలాగూ తెలుసు.

ఒక సంగతి మీ దగ్గర దాచను. నలభై ఒక్క నక్షాల పక్కన ‘ఎమీల్ స్వహస్తం’ అని నేను ఇప్పటికే పెన్నుతో రాసేశాను. మదాం చెప్పింది, నేను రాశాను. మిగిలింది కింద సంతకమే. అది తప్పయితే చెప్పగలిగింది మీరొక్కరే. అది నిజమే అయితే, ఆ మాటైనా సూటిగా రాయండి. చీరల గురించి వద్దు.

ఎవాంజెలిన్


గాజువాక
౬-౯-౨౦౨౫

ఎవాకు,

చదువు నేర్పించింది తాతను పట్టుకోవడానికా? సరే. పట్టుకున్నావు.

ట్రంకు ఉంది. అందులో నక్షాలు పన్నెండు ఉన్నాయి. ఆరో నంబరు పనివాడు మా నాన్నే. విని ఏం చేస్తావో చెయ్యి.

పోయే ముందు నాన్న నన్నొక్కణ్నే కూర్చోబెట్టుకున్నాడు. మీ తాత అప్పుడు డ్యూటీలో ఉన్నాడు. రత్నపాలి వదిలేసిన రోజు సంగతి చెప్పాడు. మహలు గేటు దగ్గర సిపాయి ఆపాడట. చేతిలో ఉన్న పెద్ద కట్ట లాక్కున్నాడట. తాపీ సామాను గోనెలో అడుగున పెట్టిన చిన్న కట్ట వాడు చూడలేదట. అదే ఈ పన్నెండు. రెండు రోజులు కొట్లో పెట్టి, కొట్టి, ఊరు దాటించారట. అమ్మ కడుపుతో ఉందని అంతటితో వదిలేశారట. చెబుతూ ఆయన ఏడవలేదు. నేను ఏడ్చాను.

అప్పుడే నాకు ఒక కాగితం ఇచ్చాడు. మడతలు పెట్టిన చిన్న కాగితం, కింద ఎర్ర లక్క ముద్ర. ఇంగ్లీషు అక్షరాలే గానీ ఇంగ్లీషు కాదు. “ఇది దొర ఇచ్చిందిరా. దీని మూలానే నా బతుకు పోయింది. ఎవులికీ చూపించకు” అన్నాడు. అంటే నేరం మోపిన కాగితమని నాకు అర్థమైంది. జైలు కాగితమో, పోలీసులదో. అరవై నాలుగేళ్లుగా ఎవరికీ చూపించలేదు. మీ చిన్ననాన్నమ్మకు కూడా. భర్త తరఫున దొంగతనం ఉందని తెలిస్తే చర్చిలో తల ఎలా ఎత్తుకుంటుంది?

గేటు పాసు లేకుండా తెస్తే దొంగతనమే. ప్లాంటయినా, మహలయినా. నేను ఆ దూదిపీచు ఎందుకు వెనక్కి తీసుకెళ్లానో ఇప్పుడు నీకు తెలిసింది.

ఆ పొట్టివాడు రావడానికి ముందే పని ముగిస్తాను. ఈ నెల ఆఖరు ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, పెరట్లో మొత్తం కాల్చేస్తాను. కాగితం, నక్షాలు, అన్నీ. నువ్వు సంతకం పెట్టు. ఆ బొమ్మలు దొరవే అని రాయి. దొరవి అయితేనే మంచిది. మనవాడు పుస్తకంలో లేకపోతే మనవాడు దొంగ అని కూడా పుస్తకంలో ఉండడు.

డేవిడ్‌రాజ్


క్యాంప్ 2, భిలాయి
12 సెప్టెంబరు 2025

చిన్నతాతయ్యా, కాల్చకండి. ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. చదవడం పూర్తయ్యేదాకా అగ్గిపెట్టె ముట్టుకోకండి.

మీ ఉత్తరంలో ముందు నేను చూసింది మీరు చెప్పిన సంగతి కాదు. తేదీ. కవరు మీద ముద్రలో 6 సెప్టెంబరు అని ఉంది. మీ తేదీలో మొదటి అంకె, పక్కకు సాగిన తోకతో, ఫిబ్రవరి నుంచి నేను రోజూ చూస్తున్న గుర్తు. నాన్నమ్మ బైబిలు తీసి ప్రతి పుస్తకంలో ఆరో అధ్యాయం చూశాను. అదే. కోహ్కా వెళ్లి మీ ఉత్తరం నీళ్ల బురుజు నక్షా పక్కన పెట్టాను.

అది E కాదు, తాతయ్యా. అది ఆరు. తెలుగు ఆరు.

ఇన్నాళ్లూ నాకెందుకు తట్టలేదని నన్ను నేను తిట్టుకున్నాను. బడిలో నేర్చుకున్నది హిందీ ఆరు, దాని తోక కిందికి వాలుతుంది. ఇంట్లో తెలుగు అక్షరాలు నేర్పారు గానీ అంకెలు ఎవరూ నేర్పలేదు. పైగా మదాం E అని చెప్పాక నాకు E తప్ప ఇంకోటి కనిపించలేదు.

ముత్తాతకు పేరు రాయడం రాదన్నారు. రాదు కాబట్టే నంబరు వేశాడు. గోడ కట్టేవాడికి అంకెలు తెలియాలి కదా. దర్బారులో ఆయన పేరు ఆరు. ఆ గుర్తు ఉన్న నలభై ఒకటీ, గేటు దగ్గర సిపాయి లాక్కున్న ఆ పెద్ద కట్టే అనుకుంటున్నాను.

అనుకుంటున్నాను అనే రాస్తున్నాను. ఎందుకంటే నాకు మీ మాట మీద కూడా ఇప్పుడు పూర్తి నమ్మకం లేదు. సున్నం కలిపేవాడన్నారు. సున్నం కలిపేవాడు మెట్ల నక్షా గీయడు. ఆయన గీస్తుండగా మీరు ఎప్పుడైనా చూశారా?

ఆ లక్క ముద్ర కాగితం అత్త ఫోన్లో ఫోటో తీయించి పంపండి. వద్దంటే, మీ చేత్తోనే అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు దించి పంపండి.

ఎవాంజెలిన్


గాజువాక
౨౪-౯-౨౦౨౫

ఎవాకు,

కాల్చలేదు. ఇంకా నాలుగు రోజులుంది. ఆ పొట్టివాడు కూడా ఇంకా రాలేదు.

ఫోన్లోకి ఎక్కితే ఆ కాగితం ఊరూరా తిరుగుతుంది. అందుకని దించాను. అక్షరాల్లా లేవు, చీమలు నడిచినట్టుంది. ఎక్కడ ఒక మాట అయిపోయి ఇంకో మాట మొదలవుతుందో తెలియలేదు. కింద అంకెలు మాత్రం తెలిశాయి, అలాగే వేశాను. విడి కాగితం లోపల పెట్టాను, చూడు.

చూశావా అని అడిగావు. చూశాను. క్యాంపు గుడిసెలో మట్టినేల అలికి ఆరాక, నాన్న బొగ్గుముక్క పట్టుకుని నేల మీద మెట్లు గీసేవాడు. స్కేలు లేదు, దారం లేదు. పుర్రచేతి వాటం. ఎడంచేత్తో గీస్తూ కుడిచెయ్యి నేలకు ఆనించి కదిపేవాడు. పక్క గుడిసె పిల్లలూ నేనూ ఆ మెట్ల మీద ఆడుకోబోతే, “ఒరే, పైనుంచి దిగండ్రా, మధ్యలోకి దూకితే పడిపోతారు” అనేవాడు. పిచ్చి అనుకునేవాళ్లం. పొద్దున్న అమ్మ మళ్లీ అలికేసేది. సున్నం కలిపేవాడని నీకు రాశాను. అబద్ధం. ఆ ఒక్కమాటకు దేవుణ్ని క్షమాపణ అడిగాను, నిన్ను కూడా అడుగుతున్నాను.

నీ ఉత్తరం వచ్చాక ట్రంకు తెరిచాను. పన్నెండింటి మీదా ఆ గుర్తుంది. పక్కన వేరే కాగితం పెట్టి నేనొక ఆరు వేశాను. రెంటికీ తేడా లేదు, తల్లీ. తోక అంత పొడుగు సాగదీస్తావేమని ఆదివారం బడి అయ్యగారు నన్ను కోప్పడేవారు. అక్షరాలు ఆ బడిలో నేర్చుకున్నాను. అంకెలు నేర్పింది నాన్నే, ఆ నేల మీదే, ఆ బొగ్గుతోనే.

ట్రంకు అడుగున ఆయన హాజరు బిళ్ళ కూడా ఉంది. ఇత్తడిది, హిందీలో ఆరు కొట్టి ఉంది. నా ప్లాంటు బిళ్ళ దాని పక్కనే పెట్టాను ఎప్పుడో.

ఇంత చదివిన పిల్లవు, ఒకటి చెప్పు. హుకుంల పుస్తకంలో ఆరో నంబరు దొంగ అని ఉంది. నువ్వు నాన్నను ఆరో నంబరని నిలబెడితే దొంగ అని కూడా నిలబెట్టినట్టే. రెండూ ఒకే బిళ్ళకు రెండు వైపులు. ఆ దొర మనవరాలు ఊరుకుంటుందా? మొదటి పేజీలో వేయిస్తుంది. అది ఆలోచించే అడుగుతున్నావా, నీ పేరు అచ్చులో పడాలని అడుగుతున్నావా?

డేవిడ్‌రాజ్


క్యాంప్ 2, భిలాయి
9 అక్టోబరు 2025

చిన్నతాతయ్యకు వందనాలు.

ఆ ఆదివారం మీరు పెరట్లో మంట వేయలేదని డైసీ అత్త ఫోన్లో చెప్పింది. మీరు దించిన అక్షరాలు ఫ్రెంచి, ఆ దొర భాష. ముందు ఫోన్లో పెట్టి చూశాను. దాన్ని నమ్మలేక దుర్గ్‌లో ఫ్రెంచి చెప్పే ఒక మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఎందుకో చెప్పకుండా, ఇందులో ఏముందని మాత్రం అడిగాను. రెండు చోట్లా ఒకే మాట వచ్చింది.

“ఆరో నంబరును పోనివ్వండి. అతని దగ్గరున్నవి పనికిరాని కాగితాలు. E. డెర్వాల్. 9 మార్చి 1938.”

తాతయ్యా, అది జైలు కాగితం కాదు. గేటు పాసు.

మీరు ట్రంకు పక్కన కూర్చుని ఈ మాట చదువుతుంటారని ఊహించుకుంటున్నాను. మెల్లగా చదవండి. ముత్తాత పాసు తీసుకునే బయటికి వచ్చాడు. సిపాయికి చూపించే ఉంటాడు. రత్నపాలి గేటు పాసులన్నీ హిందీలో ఉంటాయి, మా పెట్టెల్లో మూడు కట్టలున్నాయి. ఒక్కటి కూడా ఫ్రెంచిలో లేదు. సిపాయి చదవలేకపోయాడు, ముత్తాత చదివి చెప్పలేకపోయాడు. దీని మూలానే బతుకు పోయిందని ఆయన అన్నది అందుకేనేమో.

ఇక్కడితో ఆగితే బాగుండేది. దొర మంచివాడు, తొందరలో తన భాషలో రాశాడు అనుకునేదాన్ని. కానీ రెండు రోజుల తర్వాత హుకుం వచ్చింది. అది వచ్చినప్పుడు దొర అక్కడే ఉన్నాడు. పాసు నేనే ఇచ్చానని ఒక్క మాట చెప్పినట్టు ఎక్కడా లేదు, వెతికాను. అదే ఏప్రిల్లో వాళ్ల దేశంలో ఒక ప్రదర్శన వాళ్లు అసలు నక్షాలు పంపమని ఆయనకు రాశారు. ఆయన జవాబు నకలు మొన్న పదకొండో పెట్టెలో దొరికింది. అసలు నక్షాలు ఒక పనివాడు దొంగిలించాడు, ఫోటోలు మాత్రమే పంపగలను అన్నాడు. నలభై ఒకటీ అప్పటికి నెల కిందటే సిపాయి తెచ్చి ఇచ్చేశాడు కదా. చేతిలో ఉన్నవి లేవని ఎందుకు చెప్పాడు? అసలువి పంపితే గీసిన చెయ్యి ఎవరిదని అడుగుతారనా? ఆ చేతిని ముందే గేటు దాటించేయాలనుకున్నాడా? ఎవరూ చదవలేని భాషలో పాసు రాసింది కావాలనేనా? నాకు తెలియదు. ఆయన మనసులో ఉన్నది కనిపెట్టానని రాయను. కానీ ఇక్కడి నుంచి వెళ్లాక ఇరవై నాలుగేళ్లు ఆయన ఎందుకు ఏమీ కట్టలేదో నేనిక ఎవరినీ అడగను.

మదాం లీన్‌కు రాశాను. జవాబు వెంటనే వచ్చింది. అంకె ఒక్కటే మనిషి కాదు, అది గుమాస్తా వేసిన వరుస నంబరు కావచ్చు అంది. నలభై ఒకటికీ ఒకే వరుస నంబరు ఎలా వేస్తారని అడిగాను. అసలు పాసూ, ఇత్తడి బిళ్ళా కళ్లతో చూస్తే తప్ప ఒక్క అక్షరం మార్చనంది. ముప్పైన భిలాయి వస్తోంది. సంతకం పెట్టనంటే నా ఉద్యోగం ఉండదని విడిగా చెప్పలేదు గానీ, నా స్థానంలోకి ఎవరైనా ఉన్నారా అని గురునాథరావు గారిని అడిగిందట.

ఆ సంగతి ఆయనే చెప్పారు. తర్వాత నీళ్ల బురుజు నక్షా దగ్గరికి తీసుకెళ్లారు.

“ఈ నీడ గీతలు చూడమ్మా. ఎటు వాలేయి?”

“ఎడమ పైనుంచి కుడి కిందికండీ.”

“కుడిచేతి వోడికి అటు రావు. ఆ దొర ఫోటోలో పెన్ను ఏ చేత్తో పట్టుకున్నాడు?”

“కుడిచేత్తో.”

“మార్చిలోనే చూసేను.”

“మరి చెప్పలేదేమండీ?”

“నేను చెప్తే ఎవులింటారు? ప్లాంటులో నేను గీసినవి వెయ్యికి తక్కువుండవు. ఒక్కదాని మీద నా పేరు లేదు. ఆఫీసరు సంతకం, పక్కన నా నంబరు. మీ తాతకి తెలుసులే.”

ఆ నక్షాను ఆయనే జాగ్రత్తగా చుట్టి పెట్టెలో పెట్టారు. అయినా ఆ సాయంత్రం మళ్లీ, “బిళ్ళ ఎప్పుడొస్తాది?” అని అడిగారు. మన కోసం అడిగారో, ఆవిడ కోసం అడిగారో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. అందుకే పోస్టులో పంపమని మిమ్మల్ని అడగడం లేదు. ఆయన చేతికీ ఇవ్వకండి. నాన్న సెలవు పెట్టి మీ దగ్గరికి వస్తాడు. పాసు, బిళ్ళ, పన్నెండు నక్షాలు మీ చేత్తో నాన్నకు ఇవ్వండి. వీలైతే మీరూ నాన్నతో రండి. వినపడకపోతే నేను పక్కన కూర్చుని అంతా రాసి చూపిస్తాను.

మీరడిగినదానికి జవాబు. ఆలోచించే అడుగుతున్నాను. దొంగ అనే మాట ఆ పుస్తకంలో ఎలాగూ ఉంటుంది, హుకుం వాళ్ల దగ్గర ఉంది. దాని పక్కన గేటు పాసు కూడా ఉండాలని అడుగుతున్నాను. నా పేరు అచ్చులో పడాలని నాకు ఆశ ఉంది, లేదని చెప్పను. కానీ ఆయన పేరు లేని పుస్తకంలో నా పేరు వద్దు.

పట్టికలో నలభై ఒక్కచోట్లా ‘ఎమీల్ స్వహస్తం’ కొట్టేశాను. గీసినవారు అన్నచోట కొత్త పేరు రాయబోయి ఆగిపోయాను. నాన్నను అడిగితే “తాతబ్బాయి అనేవోళ్లు” అన్నాడు. అది ఇంట్లో పిలిచే పేరు కదా. అసలు పేరు నాన్నకు తెలియదు. హాజరు పుస్తకంలో లేదు, హుకుంలో లేదు, సమాధి మీద రాయి కూడా లేదు. ఎవరూ ఎప్పుడూ ఎక్కడా రాయని పేరది. తెలిసినవారు మీరొక్కరే మిగిలారు.

నలభై ఒక్కచోట్లా ఖాళీ వదిలాను. ముత్తాత పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, మీ చేత్తో తెలుగులో రాసి అక్టోబరు 24 లోగా నాకు అందేలా పంపండి. తేదీ మాత్రం మీ అంకెల్లోనే వేయండి.

మీ
ఎవాంజెలిన్